ఇంటిపేరు ముందా, అసలు పేరు ముందా?

ప్రశ్న: పులికాట్ సరస్సు పక్షులపై పరిశోధన వ్యాసం రాశాను. రిఫరెన్సులు పత్రిక పద్ధతిలో లేవని తిప్పి పంపారు. తెలుగువారి పేర్లు ఎలా రాయాలో కూడా తెలియడం లేదు. ఏం చేయాలి?
– ఒక పరిశోధక విద్యార్థిని, చిట్టమూరు

జవాబు: ముందుగా ఆ పత్రిక రచయితలకిచ్చిన సూచనలు, ఈమధ్య అందులో వచ్చిన వ్యాసమొకటి పక్కన పెట్టుకోండమ్మా. అంకెలు వేస్తున్నారా, పేరూ సంవత్సరమూ ఇస్తున్నారా చూడండి. చుక్కలు, కామాల చాకిరీ రిఫరెన్సులు సర్దిపెట్టే జొటెరో సాఫ్ట్‌వేర్‌కు వదిలేయండి, ఉచితమే. అది తెచ్చిన వివరాలను మాత్రం గుడ్డిగా నమ్మకండి. పక్షుల శాస్త్రీయ నామాలకు ఉండాల్సిన ఇటాలిక్స్ తరచు ఎగిరిపోతాయి!

అసలు చిక్కు పేర్లతోనే. జీవరసాయన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారినే తీసుకోండి. ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిపై సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో 'జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ' 66వ సంపుటంలో ఆయన రాసిన వ్యాసాన్ని ఇప్పటికీ ఉదహరిస్తుంటారు. ఇంటిపేరు ఎల్లాప్రగడ అయినా, రిఫరెన్సుల్లో ఆయన 'సుబ్బారో వై.' గానే స్థిరపడ్డారు. మనం సరిదిద్దబోతే వెతికేవారికి ఆ వ్యాసం దొరకదు. కాబట్టి అచ్చులో ఎలా ఉంటే అలాగే రాయండి. అనుమానమొస్తే వ్యాసానికిచ్చే గుర్తింపు సంఖ్య డీఓఐ పట్టుకుని, క్రాస్‌రెఫ్ వెబ్‌సైట్‌లో ఎలా నమోదైందో చూడండి. మీ పేరుకు మాత్రం ఇప్పుడే ఒక రూపం ఖాయం చేసుకుని, పరిశోధకులకిచ్చే గుర్తింపు సంఖ్య ఆర్కిడ్ ఐడీ తీసుకోండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినా ఇబ్బంది ఉండదు.

అటవీశాఖ నివేదికలకు వ్యక్తి పేరు లేకపోతే శాఖ పేరే రచయిత స్థానంలో రాయండి. ఇతరుల జాబితాల నుంచి చదవకుండా ఎత్తి రాసుకున్న రిఫరెన్సులు ఉంటే, మళ్లీ పంపేముందు తీసేయండి.