యంత్రమంటే భయమా? – ఒక టీవీ కథ నేర్పే ఆరోగ్య పాఠం



"స్కాన్ తీయించుకోవాలి" అని డాక్టరుగారు చెప్పగానే కొందరికి నోరు ఎండిపోతుంది. "ఆ సొరంగంలోకి నేను పోనమ్మా, ఏదైనా మాత్ర రాసివ్వమనండి" అంటారు. మరికొందరు చెప్పిన రోజుకి ఏదో పని ఉందని రాకుండా ఆగిపోతారు. ఇటువంటి భయం చదువుకోనివారికే ఉంటుందని అనుకోకండి. యంత్రాల మధ్యనే బ్రతికే ఒక ఇంజనీరుకు కూడా ఇదే భయం ఉన్నట్లు చూపిన ఒక టీవీ కథను, దాని నుండి మనం నేర్చుకోదగిన సంగతులను ఈ పాఠంలో చూద్దాం.

కథ

"స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జెనరేషన్" అమెరికాలో 1987 నుండి 1994 వరకు ప్రసారమైన ధారావాహిక. 1992 సెప్టెంబరులో వచ్చిన ఒక భాగం పేరు "రెల్మ్ ఆఫ్ ఫియర్", అంటే "భయపు రాజ్యం". దీన్ని రాసిన బ్రానన్ బ్రాగాకు విమాన ప్రయాణమంటే భయం.

కథ 24వ శతాబ్దంలో ఒక అంతరిక్ష నౌకలో జరుగుతుంది. అందులో "ట్రాన్స్‌పోర్టర్" అనే యంత్రం ఉంటుంది. అది మనిషి శరీరాన్ని అణువులుగా విడదీసి, కిరణంలో మరొక చోటికి పంపి, అక్కడ మళ్ళీ అమరుస్తుంది. ఇది కల్పన మాత్రమే. ఇంజనీరు బార్క్లేకు ఆ యంత్రం పనితీరు తెలుసు, అయినా అది ఎక్కాలంటే వణుకు. అందుకే ఇన్నాళ్ళూ చిన్న నౌకల్లో చుట్టూ తిరిగి వెళ్తూ తప్పించుకున్నాడు. ఒకరోజు, చెడిపోయి ఆగిన మరొక నౌకకు ఆ యంత్రం ద్వారానే వెళ్ళవలసి వచ్చింది. మెట్టు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాడు.

తరువాత కౌన్సిలర్ దగ్గర తన భయం చెప్పుకున్నాడు. ఆమె ధైర్యం చెప్పి, మనసు నెమ్మదించే ఒక పద్ధతి నేర్పింది. అప్పుడు వెళ్ళగలిగాడు. అయితే తిరిగి వచ్చేటప్పుడు కిరణంలో ఏదో వింత ప్రాణి తనవైపు రావడం చూశాడు. తనకు పిచ్చి పట్టిందేమోనని కంప్యూటరులో వెదికి, ఒక అరుదైన జబ్బు లక్షణాలన్నీ తనకే ఉన్నాయని నమ్మేశాడు. చివరికి తేలింది ఏమిటంటే, అతడు చూసింది నిజమే! ఆ కనిపించినవారు కిరణంలో చిక్కుకుపోయిన మనుషులు. బార్క్లే భయపడుతూనే మళ్ళీ యంత్రం ఎక్కి, చేయి చాచి పట్టుకుని ఒకరిని బయటకు తెచ్చాడు. మిగిలినవారిని కూడా అలాగే కాపాడారు.

ఈ కథ నేర్పే నాలుగు సంగతులు

1. భయాన్ని దాచుకోవద్దు. బార్క్లేకు సహాయం దొరికింది నోరు తెరిచి చెప్పిన తరువాతనే. యంత్రాన్ని నడిపే ఓబ్రయన్ కూడా తనకు ఒకప్పుడు సాలెపురుగులంటే ఎంతో భయం ఉండేదని అతనికి చెబుతాడు. నవ్వకుండా వినేవారు ఒక్కరుంటే సగం బరువు దిగుతుంది.

2. తప్పించుకుంటే భయం పెరుగుతుంది. భయం కలిగినప్పుడు శరీరంలో అడ్రినలిన్ విడుదలై గుండె దడ, చెమట, వణుకు వస్తాయి. ఆ పని మానేసిన వెంటనే హాయిగా ఉంటుంది. "మానేశాను కాబట్టే బ్రతికాను" అని మనసు నేర్చుకుంటుంది. మరుసటిసారి భయం ఇంకా ఎక్కువవుతుంది. అందుకే భయపడే వస్తువుకు మెల్లమెల్లగా, మెట్టుమెట్టుగా దగ్గర చేయడమే మానసిక వైద్యులు ఇచ్చే ముఖ్యమైన చికిత్స.

3. లక్షణాలు చదివి మీకు మీరే జబ్బు నిర్ణయించుకోవద్దు. నిద్ర పట్టకపోవడం, గుండె దడ, కండరాలు అదరడం అనేక కారణాల వలన వస్తాయి. భయం వలన కూడా వస్తాయి. బార్క్లే చేసిన పనే ఈనాడు సెల్‌ఫోనులో ఎందరో చేస్తున్నారు.

4. భయస్థుల మాటను కొట్టిపారేయవద్దు. బార్క్లేకు భయం ఉన్నది నిజం, అతడు చూసిందీ నిజం. పైగా పరీక్ష చేయగా అతని శరీరంలో సూక్ష్మజీవులు కూడా కనబడ్డాయి. మన ఇళ్ళలో ఛాతీ నొప్పి, ఆయాసం అని తల్లి చెబితే "నీకు అన్నిటికీ భయమేలే" అని ఊరుకోవడం ప్రాణానికే ప్రమాదం. అది భయమో, గుండె జబ్బో డాక్టరుగారు తేల్చాలి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఎం.ఆర్.ఐ. స్కాన్‌కు వెళ్ళేవారికి

* ఈ స్కాన్‌లో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. అయస్కాంతం, రేడియో తరంగాల సహాయంతో లోపలి బొమ్మ తీస్తారు.
* టకటకమని పెద్ద శబ్దం వస్తుంది. యంత్రం చెడిపోయిందని కంగారుపడకండి, అది పనిచేసే తీరే అంత. చెవులకు రక్షణ ఇస్తారు.
* చాలా స్కాన్లు 20 నుండి 45 నిమిషాలు పడతాయి. ఎంతసేపు పడుతుందో ముందే అడగండి.
* సాధారణంగా చేతికి ఒక బజ్జర్ ఇస్తారు. ఇబ్బందిగా ఉంటే నొక్కండి. సిబ్బంది మిమ్మల్ని గమనిస్తూనే ఉంటారు.
* పేస్‌మేకర్, క్లిప్పులు, శరీరంలో లోహపు ముక్కలు ఉంటే తప్పక ముందే చెప్పండి. నగలు, పిన్నులు తీసివేయండి.
* లోపలికి వెళ్ళకముందే కళ్ళు మూసుకోండి. ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చి, అంతకంటే నెమ్మదిగా వదలండి. వారం రోజుల ముందునుండే ఇంట్లో పడుకుని అభ్యాసం చేయండి.
* అయినా భరించలేకపోతే డాక్టరుగారికి చెప్పండి. అవసరమైతే ఆయనే మందు ఇస్తారు. ఇరుగుపొరుగువారి నిద్రమాత్ర అడిగి వేసుకోవద్దు.

విశ్వాసులకు ఒక మాట

"ప్రార్థనాపరులై ఉండి భయపడతావా?" అని రోగిని గద్దించేవారు ఉన్నారు. భయపడటం అవిశ్వాసం కాదు, శరీరానికి దేవుడు ఇచ్చిన హెచ్చరిక గంట అది. ఒక్కొక్కసారి అవసరం లేకుండా మోగుతుంది, అంతే. రోగితో కలిసి ప్రార్థించండి, స్కాన్ గది తలుపు వరకు తోడు రండి. రెండూ అవసరమే.

భయం వలన ఆరు నెలలకు పైగా పనులు, వైద్యం ఆగిపోతుంటే దానిని ఫోబియా అని అనుమానించాలి. మానసిక వైద్యులను కలవండి. 2022లో ప్రారంభమైన టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

ఆలోచించండి

1. భయం వలన మీరు వాయిదా వేస్తున్న పరీక్ష ఏదైనా ఉందా?
2. ఆ సంగతి ఈ వారం ఎవరితో చెప్పగలరు?
3. మీ ఇంట్లో ఎవరి బాధనైనా "భయమేలే" అని తీసివేస్తున్నారా?

భయం పూర్తిగా పోయాక వెళ్దామని ఆగకండి. బార్క్లే కూడా భయం పోయాక వెళ్ళలేదు, భయంతోనే వెళ్ళాడు. ప్రభువు మీకు తోడై యుండును గాక.