కాలువ నీటిని శబ్దంతో కొలవడం



వానాకాలం వచ్చిందంటే ఆదోని బస్టాండులోనైనా, ఎమ్మిగనూరు టీ బంకు దగ్గరైనా ఒకటే మాట: "ఎల్లెల్సీకి ఎన్ని నీళ్లు వదిలినారంట?" జవాబు క్యూసెక్కుల్లో చెప్తారు. ఆ అంకెను దేనితో కొలిచారని అడిగేవాళ్లు తక్కువ. ఎమ్మెస్సీ ఫిజిక్సులో అతిధ్వనుల పాఠం చదివేటప్పుడు దీని జవాబు అందులో ఉందని గమనించాను. అది మీకు చెబుదామని ఈ వ్యాసం.

ముందు లెక్క చూద్దాం. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28.3 లీటర్లు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. తుంగభద్ర దిగువ కాలువ హోస్పేట డ్యాం కుడివైపున బయలుదేరి, బళ్లారి ప్రాంతం మీదుగా సుమారు 250 కి.మీ. నడిచి మన జిల్లాలోకి వస్తుంది. ఇందులో మన రాష్ట్రం వాటా 24 టీఎంసీలు, ఆయకట్టు సుమారు లక్షన్నర ఎకరాలు. ఆదోని పట్టణం తాగే నీరు కూడా బసాపురం ఎస్.ఎస్. ట్యాంకుకు ఈ కాలువ నుంచే చేరుతుంది. కొలతలో నూటికి 5 పాళ్లు తేడా వచ్చిందనుకోండి. 1.2 టీఎంసీలు! 120 రోజుల పాటు సుమారు 116 క్యూసెక్కులు పారినంత. ఆ తేడా ఎప్పుడూ కాలువ చివరి పొలాల మీదే పడుతుంది. పైరు ఎండితే పిల్లాజెల్లాతో గుంటూరు వైపు సుగ్గికి పోవాల్సిందే. మా ఇంట్లోవాళ్లూ పోయినారు, మీలో చాలామంది ఇళ్లలోనూ అంతే.

కాలువ గోడ మీద అడుగుల గుర్తులున్న గేజీ మీరు చూసే ఉంటారు. ఇన్ని అడుగుల లోతుంటే ఇన్ని క్యూసెక్కులు అని ముందే పట్టిక వేసి ఉంచుతారు. చవకైన పద్ధతే, కానీ ఇందులో ఒక చిక్కుంది. కాలువలో పూడిక చేరి, జమ్ము మొలిస్తే నీరు నెమ్మదిస్తుంది, మట్టం పైకి లేస్తుంది. గేజీ చూస్తే నీళ్లు పెరిగినట్టే ఉంటుంది, పారేది మాత్రం పెరగదు. కాబట్టి లోతుతో పాటు వేగం కూడా కొలవాలి.

ఇక్కడే అతిధ్వని పనికొస్తుంది. 20,000 హెర్ట్జ్‌ల కంటే ఎక్కువ పౌనఃపున్యం ఉన్న ధ్వని మన చెవికి వినబడదు. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో ఫ్రాన్సులో క్యూరీ సోదరులు కనిపెట్టారు. విద్యుత్తు ఇస్తే అవే స్ఫటికాలు కంపిస్తాయి. అంటే ఒకే బిళ్ల నోరుగానూ చెవిగానూ పనిచేస్తుంది. దీన్నే ట్రాన్స్‌డ్యూసర్ అంటారు.

కాలువకు ఈ గట్టున ఒకటి, ఆ గట్టున కొంచెం దిగువగా ఇంకొకటి, నీటిలో మునిగేటట్టు ఏటవాలుగా బిగిస్తారు. పై నుంచి కిందికి పంపిన ధ్వనికి ప్రవాహం తోడవుతుంది, త్వరగా చేరుతుంది. కింది నుంచి పైకి పంపితే ప్రవాహం అడ్డుపడుతుంది, ఆలస్యమవుతుంది. ఎదురుగాలికి సైకిల్ తొక్కడం గుర్తు చేసుకోండి.

ధ్వని దారి 20 మీటర్లు, ప్రవాహంతో కోణం 45 డిగ్రీలు, నీటిలో ధ్వని వేగం సెకనుకు 1480 మీటర్లు, ప్రవాహ వేగం 1 మీటరు అనుకుందాం. దిగువకు 13.507 మిల్లీసెకన్లు, ఎగువకు 13.520 మిల్లీసెకన్లు పడుతుంది. తేడా 13 మైక్రోసెకన్లే! రెప్పపాటులో ఎన్నో వేల వంతు. ఆ కాస్త తేడా నుంచే వేగం వస్తుంది:

ప్రవాహ వేగం = దారి పొడవు ÷ (2 × కోణం కోసైన్) × (1/దిగువ కాలం − 1/ఎగువ కాలం)

ఈ సూత్రంలో ధ్వని వేగం ఎక్కడా లేదు చూశారా? నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. 20 డిగ్రీల నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1482 మీటర్లు, 30 డిగ్రీల నీటిలో సుమారు 1509 మీటర్లు పోతుంది. మన ఎండలకు నీరు వేడెక్కినా, రాత్రికి చల్లబడినా తీసివేతలో ఆ తేడా కొట్టుకుపోతుంది.

మరీ బురద నీరైతే ధ్వని అవతలి గట్టు చేరకముందే చెదిరిపోతుంది. అప్పుడు ఆ బురదనే వాడుకుంటారు. నీటితో కదిలే మట్టిరేణువుల నుంచి తిరిగొచ్చే ధ్వని పౌనఃపున్యం మారుతుంది. రైలు దూసుకుపోయేటప్పుడు కూత మారినట్టు. 1842లో డాప్లర్ చెప్పింది ఇదే. 10 లక్షల హెర్ట్జ్‌ల ధ్వని పంపితే, పై లెక్క ప్రకారం మార్పు సుమారు 955 హెర్ట్జ్‌లు. పోతిరెడ్డిపాడు దగ్గర కృష్ణా బోర్డు టెలిమెట్రీకి పెట్టింది డాప్లర్ రకమే. ఆ కొలత మీద రెండు రాష్ట్రాల మధ్య వాదన కూడా నడిచింది. ఆసుపత్రిలో గర్భంలోని బిడ్డ గుండె చప్పుడు వినిపించే పరికరమూ ఈ సూత్రంతోనే పనిచేస్తుంది.

యంత్రం లేకపోయినా మీరు కొలవొచ్చు. నీళ్లలోకి దిగకుండా, పెద్దవాళ్ల తోడుతో, పిల్లకాలువ గట్టు మీద 20 మీటర్లు కొలిచి రెండు గుర్తులు పెట్టండి. పైన ఒక వేపపుల్ల వేసి సమయం చూడండి. 25 సెకన్లు పట్టిందనుకోండి, పైనీటి వేగం 0.8 మీటర్లు. అడుగున నీరు నెమ్మది కాబట్టి 0.85తో గుణిస్తే 0.68. వెడల్పు 3 మీటర్లు, లోతు అర మీటరు అయితే సెకనుకు 1.02 ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరు సుమారు 35.3 ఘనపుటడుగులు. ఎన్ని క్యూసెక్కులో మీరే చెయ్యండి, 36 వస్తే సరి.