పుర్రెకో బుద్ధి: ‘నాలా నేను’ బొమ్మల పుస్తకాలు పిల్లలకు చదివి వినిపించడం ఎలా?

మా మేనకోడలికి అయిదేళ్లు. ఎడమచేతి వాటం. పెన్సిల్ ఎడమ చేతిలోకి వెళ్లినప్పుడల్లా ఇంట్లో ఎవరో ఒకరు దాన్ని తీసి కుడిచేతిలో పెట్టేవాళ్లు. కోప్పడి కాదు, ముద్దుగానే. కానీ రోజుకు పదిసార్లు. కొన్నాళ్లకు గదిలోకి ఎవరైనా వస్తున్న అలికిడి వింటే చాలు, ఆ పిల్ల తనే పెన్సిల్ చేయి మార్చుకోవడం మొదలుపెట్టింది. అది కంటపడిన రోజు నా మనసు చివుక్కుమంది.

‘నువ్వు నీలాగే ఉండమ్మా’ అని చెప్పొచ్చు. అయిదేళ్ల పిల్లకు ఆ మాట గాలిలో మాటే. నలుగురిలో కలిసిపోవాలని ఒళ్లంతా రంగు పూసుకున్న ఏనుగును చూపిస్తే మాత్రం వెంటనే అర్థమవుతుంది. బొమ్మల పుస్తకం చేసే మేలు అదే. మూడు నుంచి ఏడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో అలాంటి పుస్తకాలు ఎలా ఎంచుకోవాలో, ఎలా చదవాలో, చదివాక ఏం చేయాలో ఒక్కో మెట్టూ చెబుతాను.

కావలసినవి: రెండు మూడు పుస్తకాలు, రోజూ పదిహేను నిమిషాలు, ఒక ఏ4 కాగితం, కత్తెర, రంగు పెన్సిళ్లు. ఫోన్ పక్కగదిలో ఉండాలి.

1. ముందు పిల్లల్ని చూడండి, తర్వాతే పుస్తకాన్ని

ఒక వారం ఊరికే గమనించండి. మీ బాబు దేనికి వెనక్కి తగ్గుతున్నాడు? పాపను ఏ మాటతో ఆటపట్టిస్తున్నారు? ఒంటి రంగు, కళ్లద్దాలు, నత్తి, లావు, ఎవరితోనూ తొందరగా కలవకపోవడం, మగపిల్లాడు వంటింటి ఆటలు ఆడటం... ఏదైనా కావచ్చు. చుట్టాలు నవ్వుతూ అనే మాటలు కూడా చెవిన వేసుకోండి. ‘అక్క తెలుపు, ఇది చామనఛాయ’ అన్న మాట పెద్దవాళ్లకు కబుర్లలో ఒకటి. పక్కన ఆడుకుంటున్న పిల్లకు అది తన గురించిన తీర్పు.

మీరు గమనించింది ఒక కాగితం మీద రాసుకోండి. పుస్తకం ఎంచుకునేటప్పుడు అదే దారి చూపిస్తుంది.

2. కథను మూడు ప్రశ్నలతో పరీక్షించండి

అట్ట మీద ‘అందరూ ప్రత్యేకమే’ అని ఉన్నంత మాత్రాన సరిపోదు. ఈ మూడూ అడగండి.

మొదటిది, కథలోని పిల్లో పిట్టో చివరికి తనలాగే మిగిలిందా, లేక నలుగురి కోసం మారిపోయిందా? రెండోది, తేడాగా ఉన్నవాడు ఏదో ఘనకార్యం చేసి అందరికీ పనికొచ్చాకే వాళ్లు దగ్గరకు తీశారా? అలాంటి కథ ఒకటీ అరా ఉంటే ఫరవాలేదు. అన్నీ అవే అయితే, గొప్ప పని చేస్తేనే నాకు చోటు అని పిల్లలు అనుకుంటారు. మూడోది, బొమ్మలు ఏమంటున్నాయి? మాటలు మంచివే రాసి, నల్లగా ఉన్నవాళ్లనీ లావుగా ఉన్నవాళ్లనీ నవ్వు పుట్టించేలా గీసిన పుస్తకాన్ని పక్కన పెట్టేయండి.

మార్కస్ ఫిస్టర్ 1992లో వేసిన ‘ది రెయిన్‌బో ఫిష్’ను ఈ ప్రశ్నలతో చూడండి. మెరిసే పొలుసులున్న చేప వాటిని తలా ఒకటి పంచాకే దానికి స్నేహితులు దొరుకుతారు. పంచుకోవడం గురించి చెప్పడానికి చక్కని కథ. కానీ తన మెరుపును దాచుకుంటున్న పిల్లకు ఇది ముందుగా చదవకండి. ఒంటి మెరుపు ఇచ్చేస్తేనే నలుగురూ కలుస్తారని ఆ పిల్లకు వినిపించవచ్చు.

మొదలుపెట్టడానికి నేను చెప్పే పుస్తకాలు మూడు.

‘ఎల్మర్’: ఇంగ్లండ్‌కు చెందిన డేవిడ్ మెక్కీ 1968లో వేసిన ఏనుగు కథ. అమ్మమ్మ కుట్టిన అతుకుల బొంతలా ఒంటినిండా రంగురంగుల గళ్లున్న ఏనుగు, మిగతా ఏనుగుల్లా కనిపించాలని పండ్ల రసంతో ఒళ్లంతా బూడిద రంగు చేసుకుంటుంది. మెక్కీ భార్య ఆంగ్లో ఇండియన్. వాళ్ల కూతురి ఒంటి రంగు చూసి వీధిలో ఒక పిల్లాడు అన్న మాట ఈ కథకు బీజమని ఆయనే చెప్పారు.

‘ద స్టోరీ ఆఫ్ ఫెర్డినాండ్’: మన్రో లీఫ్ రాయగా రాబర్ట్ లాసన్ బొమ్మలు గీశారు, 1936. కుమ్ములాటలు పట్టని ఒక గిత్త చెట్టు కింద కూర్చుని పూల వాసన చూస్తూ ఉంటుంది. ఎద్దుతో మనిషి తలపడే పోటీకి బరిలోకి దింపినా అంతే. ఏ ఘనకార్యమూ చేయదు. అందుకే ఈ పుస్తకం నాకు చాలా ఇష్టం. కొడుకు ఒంటరివాడైపోతాడేమోనని దిగులుపడిన తల్లి ఆవు, వాడు సుఖంగానే ఉన్నాడని తెలిశాక వాడి మానాన వాడిని వదిలేస్తుంది. మనం నేర్చుకోవలసింది ఆ తల్లి దగ్గరే.

‘లియో ద లేట్ బ్లూమర్’: రాబర్ట్ క్రౌస్ కథ, హోసే అరూయేగో బొమ్మలు, 1971. చదవడం, రాయడం, మాట్లాడటం ఇంకా రాని పులికూన ఇది. నాన్న వాడినే కనిపెట్టుకుని చూస్తూ ఉంటాడు. నాన్న చూడటం మానేసిన కొన్నాళ్లకు, తన సమయం వచ్చినప్పుడు, వాడికి అన్నీ వస్తాయి. ఆలస్యంగా మాటలు వచ్చే పిల్లలున్న ఇంట్లో ఇది పెద్దల కోసమే చదవాలి.

3. తెలుగులో వెతకండి, దొరక్కపోతే తెలుగులో చెప్పండి

ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల పుస్తకాలు ఉచితంగా చదవొచ్చు, దించుకుని అచ్చు కూడా తీసుకోవచ్చు. చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా ఉంటాయి. చిన్నపిల్లలకు మొదటి మెట్టు చాలు. చెన్నైలోని తూలిక ప్రచురణల్లో తెలుగూ ఇంగ్లీషూ పక్కపక్కన ఉండే పుస్తకాలున్నాయి. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం తక్కువ ధరకు పిల్లల పుస్తకాలు వేస్తోంది. పుస్తక ప్రదర్శనకు వెళితే ఇలాంటి స్టాళ్ల దగ్గర పిల్లల్ని కాసేపు వదిలేయండి. వాళ్లు దేన్ని తిప్పి తిప్పి చూస్తున్నారో గమనించి అది కొనండి.

ఇంగ్లీషు పుస్తకమే చేతికి వస్తే, మీకు ఇంగ్లీషు అంతగా రాకపోతే, వెనకాడకండి. బొమ్మలు చూస్తూ మీ ఇంటి మాటల్లో కథ చెప్పండి. అమెరికాలో ఉన్న మన పిల్లలకైతే ఇది మరింత అవసరం. తన గురించిన మాట అమ్మ భాషలో వినడం వేరు.

పిల్లల పుస్తకాల మీద పనిచేసిన రుడీన్ సిమ్స్ బిషప్ 1990లో ఒక మంచి పోలిక చెప్పారు. కొన్ని పుస్తకాలు అద్దాలు, కొన్ని కిటికీలు. మీ అరలో రెండూ ఉండాలి. తన ముఖం కనిపించేది ఒకటి, ఎదుటివాళ్ల ఇల్లు కనిపించేది ఒకటి.

4. ముందు మీరొక్కరే చదవండి

అట్ట, అట్ట లోపలి పేజీ, చివరి పేజీ, అన్నీ చూడండి. చాలా బొమ్మల పుస్తకాలు 32 పేజీలే. పెద్ద కాగితం మీద ఒకేసారి అచ్చువేసి మడతపెడతారు కాబట్టి పేజీలు ఎనిమిదుల లెక్కన వస్తాయి. ఆ కాసిని పేజీల్లోనే కథంతా చెప్పాలి, అందుకే సగం కథ బొమ్మల్లో ఉంటుంది. ఏ పేజీ తిప్పే ముందు ఆగితే పిల్లలు ఊపిరి బిగబడతారో చూసుకుని, అక్కడ పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టుకోండి.

5. ఒళ్లో కూర్చోబెట్టుకుని, నెమ్మదిగా

పుస్తకం ఇద్దరికీ సమానంగా కనిపించాలి. పేజీలు తిప్పే పని పిల్లలకే ఇవ్వండి. మొదటిసారి బొమ్మలు మాత్రమే చూస్తూ చివరిదాకా వెళ్లండి. రెండోసారి చదవండి. మూడోసారి వాళ్లే చెబుతారు. ఒకే పుస్తకం ఇరవైసార్లు అడిగినా విసుక్కోకండి. ఆ కథలో వాళ్లకు ఇంకా ఏదో పని ఉందన్నమాట.

6. ‘ఇందులో నీతి ఏమిటి?’ అని అడక్కండి

మన అందరికీ నాలుక చివర ఉండే ప్రశ్న ఇది. దాన్ని ఆపుకోవడమే ఈ మొత్తం పనిలో కష్టమైనది. నీతి అడిగిన మరుక్షణం పిల్లలు తమ మనసులోని మాట వదిలేసి, మనకు నచ్చే జవాబు కోసం వెతుకుతారు. తనలా తాను ఉండమని చెప్పే కథ చదివి, ఆఖర్లో మనకు నచ్చినట్టు మాట్లాడమంటే ఎలా?

దానికి బదులు బొమ్మ చూపించి అడగండి. ‘వీడి ముఖం ఎందుకలా ఉంది?’ ‘ఇప్పుడేం చేస్తాడంటావ్?’ ‘ఈ ఏనుగుల్లో నీకు ఎవరి పక్కన నిలబడాలనుంది?’ వాళ్లు ఒక మాట అంటే మీరు దానికి మరో మాట కలిపి తిరిగి చెప్పండి. ‘ఏడుస్తోంది’ అంటే ‘అవును, ఎవరూ చూడకుండా ఏడుస్తోంది’ అనండి. 1988లో గ్రోవర్ వైట్‌హర్స్ట్, ఆయన సహచరులు అమెరికాలో రెండు మూడేళ్ల పిల్లల తల్లిదండ్రులకు ఇలా అడుగుతూ చదవడం నేర్పించారు. నెల తిరిగేసరికి ఆ పిల్లలు మాట్లాడటంలో మిగతావాళ్ల కన్నా ముందున్నారు.

మీ పిల్లల సంగతి మీరు కథలోకి లాగకండి. ‘చూశావా, నువ్వూ ఎల్మర్ లాంటిదానివే’ అనొద్దు. కథలో ఏనుగు చాటున ఉన్నంతసేపే పిల్లలు ధైర్యంగా మాట్లాడతారు.

ఒకరోజు మా మేనకోడలితో ఎల్మర్ చదువుతున్నాను. వాన పడి పూసుకున్న రంగంతా కరిగిపోయే పేజీ వచ్చింది. చాలాసేపు దాన్నే చూసింది.

‘‘అత్తా, మరి వాన పడకపోతే?’’ అంది.

నా దగ్గర మంచి జవాబులు నాలుగు సిద్ధంగా ఉన్నాయి. అన్నీ మింగేసి, ‘‘అవును కదా, పడకపోతే ఏమయ్యేదంటావ్?’’ అన్నాను. ఏమీ చెప్పలేదు. పేజీ తిప్పింది.

7. ఒక్క కాగితంతో వాళ్ల పుస్తకం చేయించండి

ఏ4 కాగితాన్ని పొడుగ్గా సగానికి మడిచి విప్పండి. ఇప్పుడు అడ్డంగా సగానికి, మళ్లీ అదే వైపు సగానికి మడిచి విప్పితే ఎనిమిది గళ్లు వస్తాయి. అడ్డంగా ఒక్కసారే సగానికి మడిచి, మడత ఉన్న అంచు నుంచి మధ్యగీత వెంట ఒక్క గడి మేర మాత్రమే కత్తిరించండి. విప్పితే కాగితం నడుమ ఒక చీలిక కనిపిస్తుంది. మళ్లీ పొడుగ్గా సగానికి మడిచి, రెండు చివర్లూ పట్టుకుని లోపలికి నెడితే చీలిక తెరుచుకుని కూడిక గుర్తులా నిలబడుతుంది. దాన్ని ఒక పక్కకు మడిస్తే ఎనిమిది పేజీల పుస్తకం తయారు. కత్తెర పని మీది, మిగతాదంతా పిల్లలది.

అట్ట మీద వాళ్ల పేరు పెద్దగా రాయించండి. లోపల ఏం గీయాలో చెప్పకండి. తోచకపోతే ‘నాకు నచ్చేది, వేరేవాళ్లకు నచ్చనిది’ అన్న ఒక్క మాట అందించండి చాలు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని మన పెద్దలు ఏనాడో అన్నారు. వంకాయ ఇష్టమని, చీకటంటే ఇష్టమని, మాట్లాడకుండా ఉండటం ఇష్టమని గీసిన పిల్లల్ని నేను చూశాను. రంగు గీత దాటినా, ఆకాశం ఆకుపచ్చగా వేసినా దిద్దకండి.

8. పుస్తకం మూశాక ఇంటి మాట మార్చండి

రాత్రి ఎల్మర్ చదివి పొద్దున్నే ‘పక్కింటి పిల్లను చూసి నేర్చుకో’ అంటే, ఆ పుస్తకం పాడైపోయినట్టే. పిల్లలు పుస్తకం కన్నా మనల్ని ఎక్కువ చదువుతారు. వారంపాటు పోలిక మాట ఒక్కటి కూడా రాకుండా చూసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లతో వాదించనక్కర్లేదు. నానమ్మనే పుస్తకం చదివి వినిపించమనండి. మా ఇంట్లో పని చేసింది అదే. ఎల్మర్ రెండుసార్లు చదివాక, మనవరాలి చేతిలోంచి పెన్సిల్ తీయడం మా అమ్మ తనంతట తనే మానేసింది.

వాన గురించి అడిగిన మూడో రోజున మా మేనకోడలు తన ఎనిమిది పేజీల పుస్తకం గీసింది. ఎడమ చేత్తోనే. మధ్యలో మా అన్నయ్య గదిలోకి వచ్చాడు. పెన్సిల్ చేయి మారలేదు. పుస్తకం అట్ట మీద ఏనుగు ఉంది. చివరి పేజీలో అదే ఏనుగు పెరట్లో కుళాయి కింద నిలబడి ఉంది. తొండంతో కుళాయి తనే తిప్పుకుంటోంది. కాళ్ల దగ్గర బూడిద రంగు నీళ్లు పారుతున్నాయి.