నాలుక కింది పొర

మన నెల్లూరు తీరంలోని "మైపాడు" పేరు గట్టిగా పలకండి. మ, ప లకు పెదవులు కలిస్తే చాలు. డ దగ్గర మాత్రం నాలుక కొన లేచి అంగిలిని తాకుతుంది. ఇప్పుడు అద్దం ముందు నాలుక పైకెత్తండి. దాన్ని నోటి అడుగుకు కలుపుతూ సన్నని పొర కనిపిస్తుంది. అందరికీ ఉండేదే, పేరు ఫ్రీనులం.

కొందరికి పుట్టుకతోనే ఇది పొట్టిగానో, బిరుసుగానో ఉండి నాలుకను కిందికి పట్టి ఉంచుతుంది. అలాంటి పసిబిడ్డల్లో కొందరికి తల్లిపాలు తాగడం కష్టం. నాలుక కింది చిగుళ్ల మీదుగా ముందుకు రాక పట్టు జారిపోతుంది; తల్లికి నొప్పి, బిడ్డకు బరువు పెరగదు. పాలు పట్టే తీరు సరిచేసినా ఫలితం లేకపోతే డాక్టరు ఆ పొరను కత్తెరతో కొద్దిగా కత్తిరిస్తారు. నిమిషాల పని. కాసిని చుక్కల రక్తం వస్తుంది, అంతే. బిడ్డ వెంటనే పాలు తాగవచ్చు. పెద్ద పిల్లలకు, మందమైన పొరకు మత్తు, కుట్లు కావలసి రావచ్చు. ఇంట్లో బ్లేడుతో కోయడం మాత్రం మహా ప్రమాదం: ఆ పక్కనే రక్తనాళాలు, లాలాజలం వచ్చే ద్వారాలు ఉన్నాయి. (పై పెదవి వెనుక పొర పసిపిల్లల్లో మామూలే. సాధారణంగా దాని జోలికి పోనక్కరలేదు.)

మాటలు రాని పిల్లవాణ్ణి చూసి "నాలుక అంటుకుంది, కోయిస్తే సరి" అనేవాళ్లున్నారు. ఆలోచించండి. ఈ పొర అడ్డుపడితే ల, ర, ట, డ లు సరిగా పలకకపోవచ్చు. కాని "అమ్మ" అనడానికి నాలుక కొనతో పనేముంది? ఏడాదిన్నర నిండినా ఆ మాటైనా అనని బిడ్డకు ముందు పరీక్ష చేయించవలసింది చెవులు. వినపడని మాటను ఎలా నేర్చుకుంటాడు? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టు చెవుడు పరీక్ష కూడా ఉంది. నత్తికీ ఈ పొరతో సంబంధం లేదు.

సుమారు రెండు వేల ఏళ్ల కిందటే రోమన్ రచయిత సెల్సస్ ఈ శస్త్రచికిత్సను వర్ణించాడు. నాలుక పళ్లు దాటి చక్కగా బయటికి వచ్చినా మాట రాని ఒకరి సంగతి కూడా రాశాడు. ఆ మనిషికి చెవులు వినపడేవో లేదో మాత్రం రాయలేదు.