దివాలా తరువాత వాహన ఋణము: అమెరికా చట్టముపై ఒక పరిశీలన

'ఫలానా షావుకారు ఐ.పి. పెట్టినాడట' అనే మాట ఆంధ్ర జిల్లాల బజారులలో ఎన్నో ఏళ్లుగా వినిపిస్తున్నది. ఆ రెండక్షరాలు 'ఇన్సాల్వెన్సీ పిటిషన్' అనే ఆంగ్ల పదాలకు పొడి రూపమని తెలియనివారికి కూడ దాని భావం తెలుసు. ఐ.పి. పెట్టినవానికి అటుపైన కిరాణా కొట్టులోనైనా అరువు పుట్టదని మనవారి అభిప్రాయం. చట్టం కూడ ఈ అభిప్రాయానికి కొంత ఊతమిచ్చినది. 1920 నాటి ప్రాంతీయ దివాలా చట్టం 72వ సెక్షను ప్రకారం, కోర్టు నుండి ఇంకను విమోచన పొందని దివాలాదారుడు తన స్థితిని ముందుగా తెలుపకుండ 50 రూపాయలుగాని అంతకు మించిగాని అప్పు పుచ్చుకుంటే ఆరు నెలల వరకు జైలుశిక్ష విధింపవచ్చును. 2016లో కొత్త దివాలా స్మృతి వచ్చినది గాని, అందులో వ్యక్తులకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబరు 1 నుండి కంపెనీల అప్పులకు హామీ నిలిచినవారికి మాత్రమే వర్తింపజేసినారు.

ఇక్కడ ఒక చిన్న విషయం ప్రస్తావించక తప్పదు. బాకీ, వాయిదా, కిస్తు, వసూలు, జప్తు, జామీను - తెలుగువాడు అప్పును గురించి పలికే మాటలలో సగం ఉర్దూ ద్వారా వచ్చి మన నాలుకపై స్థిరపడినవే. రెండు భాషలు చదివే మన కళాశాల విద్యార్థులకు ఈ వ్యాసంలోని పరిభాష అంత కష్టం కాదని మా నమ్మకం. ఆంగ్లంలోని 'క్రెడిట్' అనే పదానికి మాత్రం తెలుగులో 'పరపతి' అనే చక్కని మాట ఉన్నది. దానినే వాడుకుందాము.

ఐ.పి. అంటే పరపతి అంతటితో సరి అనే భావనలో పెరిగిన మనకు, అమెరికాలో దివాలా తీసిన వ్యక్తి కొద్ది నెలలకే కారు కొనుటకు అప్పు పొందుతున్నాడంటే వింతగా తోచును. కాని ఆ దేశపు జీవనవిధానాన్ని గమనిస్తే వింత కొంత తగ్గును. న్యూయార్క్ వంటి నగరాలను మినహాయిస్తే అనేక పట్టణాలలో బస్సు సౌకర్యం బహు స్వల్పం. కారు లేనివాడు పనికి పోలేడు, పనికి పోలేనివాడు ఏ బాకీ తీర్చలేడు. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు కూడ ఉద్యోగం పోయినపుడో, ఆసుపత్రి ఖర్చులు మీదపడినపుడో ఈ సమస్య ఎదురుకావచ్చును కనుక, దీనిని కొంత వివరంగా పరిశీలించుట అవసరమని భావించినాము.

అమెరికాలో ఇప్పుడు అమలులో ఉన్న దివాలా స్మృతి 1978లో వచ్చినది, 2005లో చాలా కఠినమైనది. సామాన్య గృహస్థులు ఆశ్రయించేవి అందులో రెండు అధ్యాయాలు. ఏడవ అధ్యాయం కింద చట్టం మినహాయించిన ఆస్తి పోగా మిగిలినదానిని ట్రస్టీ అమ్మి ఋణదాతలకు పంచిపెట్టును. సాధారణంగా నాలుగు నెలలలో విమోచన లభించును. పదమూడవ అధ్యాయం కింద ఆస్తి చేతిలోనే ఉండును గాని, మూడు నుండి ఐదేళ్ల పాటు ఆదాయంలో కొంత భాగం ట్రస్టీకి కట్టుచుండవలెను. ఆ కాలంలో కొత్తగా కారు అప్పు కావలెనంటే ట్రస్టీ లేక కోర్టు అనుమతి పొందవలసి ఉంటుంది. పిల్లల పోషణ బాకీ, చాలావరకు పన్నులు, విద్యాఋణాలు రెండింటిలోను సులభంగా రద్దు కావు.

ఇక అసలు ప్రశ్న. అప్పులు ఎగవేసినవానికి మరల అప్పిచ్చేవారెవరు? కేవలం దయతో ఇచ్చేవారు లేరని మొదటనే చెప్పవలెను. ఋణదాత లెక్క వేరు. విమోచన పొందినవానికి పాత బాకీలు చాలావరకు పోయినవి. అతని జీతంపై పోటీపడే ఇతర ఋణదాతలు లేరు. పైగా 2005 సవరణ తరువాత, ఏడవ అధ్యాయం కింద విమోచన పొందినవాడు మొదటి పిటిషను వేసిన తేదీ నుండి ఎనిమిదేళ్లు గడువనిదే అదే అధ్యాయం కింద మరొక విమోచన పొందలేడు. అనగా కొత్తగా అప్పిచ్చినవానికి ఆ మార్గాన నష్టభయం కొన్నేళ్లపాటు లేదు. కారు ఎటులను తాకట్టులో ఉండనే ఉన్నది. దివాలా పరపతి నివేదికలో పదేళ్ల వరకు కనిపించవచ్చును. దానిని చూపి వడ్డీ పెంచుటకు కూడ వీలున్నది. దివాలా తీసినందుకు ప్రభుత్వ కార్యాలయాలు లైసెన్సు నిరాకరించరాదని చట్టం చెప్పినది గాని, కారు అప్పిచ్చే ప్రైవేటు సంస్థకు అట్టి నిషేధం లేదు. కనుక ఇచ్చుట, మానుట, ఎంత వడ్డీకి ఇచ్చుట అన్నీ దాని ఇష్టమే. చట్టం మనిషిని పాత బాకీ నుండి విడిపించగలదు గాని, కొత్త బాకీ ధరను నిర్ణయించలేదు. ఈ భేదాన్ని గుర్తించనివారే ఎక్కువగా నష్టపోతున్నారని మా అభిప్రాయం.

కొత్త కారు మాట అటుంచి, ముందే అప్పుపై కొన్న కారు ఇంటి ముందు ఉన్నవాని సంగతేమి? విమోచనతో అప్పు మనిషిని విడిచినా బండిని విడువదు. తాకట్టు హక్కు నిలిచే ఉంటుంది. ఏడవ అధ్యాయంలో పిటిషను వేసిన ముప్పది దినాలలో, ఋణదాతల సమావేశం అంతకంటె ముందు జరిగితే ఆలోగానే, తన ఉద్దేశం లిఖితపూర్వకంగా తెలుపవలెను. బండిని అప్పగించవచ్చును, అప్పుడు మిగిలిన బాకీ కూడ రద్దగును. లేదా బండికి ప్రస్తుతం పలికే విలువను ఒకేసారి చెల్లించి విడిపించుకొనవచ్చును. పన్నెండువేల డాలర్ల బాకీ ఉన్నా బండి ఏడువేలే చేస్తే ఏడువేలు కట్టిన చాలును. న్యాయమైన మార్గమిదే గాని, దివాలా తీసినవాని చేతిలో ఏడువేలు రొక్కం ఎక్కడిది? ఇందుకోసమే అప్పిచ్చే సంస్థలు ఉన్నవి, వాటి వడ్డీ కూడ ఘనమే.

మూడవ మార్గం పునరంగీకారం, అనగా పాత అప్పును తిరిగి నెత్తిన పెట్టుకొనుట. బండి నిలుచునన్న ఆశతో చాలామంది దీనిపై సంతకం చేయుదురు. తరువాత కిస్తులు తప్పితే బండి పోవును, వేలంలో రాగా తక్కువపడిన సొమ్ముకు మనిషి కూడ బాధ్యుడగును. దివాలా వలన కలిగిన మేలు ఆ ఒక్క అప్పు విషయంలో వృథా అయినట్లే. సంతకం చేసినవాడు విమోచన లభించులోగా, లేక ఒప్పందం కోర్టులో దాఖలైన అరువది దినాలలోగా, ఏది తరువాతనైతే ఆ గడువుకు, రద్దు చేసుకొనవచ్చును. ఈ సంగతి తెలియక గడువు దాటబెట్టుకొనుట విచారకరం.

పదమూడవ అధ్యాయం విషయంలో 2004లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చిన 'టిల్' వ్యాజ్యం ప్రసిద్ధమైనది. 1998లో కొన్న ఒక పాత ట్రక్కుపై అప్పుకు వడ్డీ నూటికి 21. కోర్టులో ఆమోదం పొందిన పథకంలో 21కి బదులు బ్యాంకుల మూలపు వడ్డీకి నష్టభయం నిమిత్తం ఒకటిన్నర కలిపి 9.5 నిర్ణయించినారు. ఈ పద్ధతి సరియైనదే అని నలుగురు న్యాయమూర్తులు అభిప్రాయపడగా, ఐదవవారు వేరే కారణంతో ఫలితాన్ని మాత్రం సమర్థించినారు. 2005 సవరణ మాత్రం ఒక మెలిక పెట్టినది: స్వంత వాడుకకు కారు కొన్న తేదీ పిటిషనుకు ముందటి 910 దినాలలోపు అయితే, బాకీని బండి విలువకు తగ్గించుటకు వీలులేదు.

కొత్త అప్పు తీసుకొనువాడు వడ్డీ భేదాన్ని అంకెలలో చూచుకొనవలెను. ఉదాహరణకు 15,000 డాలర్లు ఐదేళ్ల కిస్తులపై తీసుకున్నాడనుకుందాము. నూటికి 6 వడ్డీ అయితే నెలకు 290 డాలర్లు, మొత్తం వడ్డీ సుమారు 2,400. అదే 18 అయితే నెలకు 381, మొత్తం వడ్డీ 7,850కి పైమాటే. రెండేళ్లు క్రమం తప్పక కట్టిన తరువాత కూడ రెండవవాని అసలు 10,500 పైన మిగులును, అప్పటికి కారు విలువ అంతకంటె పడిపోయి ఉండవచ్చును. అమ్మకందారు వీటన్నిటినీ దాచి 'నెలకు ఎంత కట్టగలరు?' అని ఒక్క ప్రశ్న అడుగును. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుటకు బదులు, కారు వెల ఎంత, వడ్డీ ఎంత, ఎన్ని నెలలు అని తిరిగి అడుగుట మేలు. ఋణదాత ఇచ్చిన వడ్డీపై తన లాభం కొంత కలిపే అలవాటు కూడ అమ్మకందారులలో ఉన్నది. అందుచేత ముందుగా పరపతి సంఘం వద్దకు పోయి, వారు ఏ వడ్డీకి ఇస్తారో తెలుసుకొని, ఆ కాగితంతో దుకాణంలో అడుగుపెట్టవలెను.

మరికొన్ని దుకాణాలు తామే అమ్మి తామే అప్పిచ్చును. కిస్తు తప్పితే ఇంజను కదలకుండ చేసే పరికరాన్ని బండిలో అమర్చే దుకాణాలు కూడ ఇందులో ఉన్నవి. ఇట్టి దుకాణాలలో కొన్ని సకాలంలో చెల్లించిన కిస్తులను పరపతి సంస్థలకు తెలియజేయవు. అటువంటప్పుడు ఐదేళ్లు నిజాయితీగా కట్టినా ఋణగ్రస్తుని పరపతి ఒక్క అంగుళమైనా పెరగదు. సంతకానికి ముందు అడిగి తెలుసుకొనవలసిన విషయమిది. అప్పు ఖాయం కాకముందే బండిని ఇంటికి పంపి, వారం తరువాత పిలిచి 'మంజూరు కాలేదు, ఎక్కువ వడ్డీకి మరల సంతకం చేయుడు' అనే దుకాణాలు కూడ కలవు. పాత బండిని అప్పటికే అమ్మివేసినామని చెప్పుట వారి తరువాతి ఎత్తు. మంజూరు కాగితం చేతికి రానిదే కొత్త బండిని తేరాదు, పాత బండి తాళాలు ఇవ్వరాదు.

విమోచన ఆజ్ఞ నకలును భద్రపరచుకొని, అప్పుకు పోవుటకు ముందు మూడు పరపతి సంస్థల నివేదికలను తెప్పించుకొనవలెను. 2003 నాటి చట్టం ప్రకారం ఏడాదికొకసారి ఇవి ఉచితంగా లభించును. రద్దయిన పాత బాకీలన్నిటి ఎదుట మిగులు సున్నా అని ఉండవలెను. ఒక్క బాకీ ఇంకను చెల్లించవలసినదిగా కనిపించినా, కారు అప్పిచ్చువాడు దానిని లెక్కలోనికి తీసుకొని వడ్డీ కట్టును. దానిని సవరించుమని ఆజ్ఞ నకలు జతపరచి సంస్థకు వ్రాయవలెను; సాధారణంగా ముప్పది దినాలలో వారు విచారించి జవాబు చెప్పవలసి ఉంటుంది.