రోజీకి నక్క సంగతి తెలుసా?



స్టడీ అవర్ అంటే గైడులో జవాబు బట్టీ పట్టడమేనని పదో తరగతి దాకా అనుకున్నాను. జవాబు చెప్పకుండా వదిలేసే పుస్తకాలు కూడా ఉంటాయని టీచర్ ఉద్యోగం వచ్చాక గానీ తెలియలేదు.

ఇంగ్లండుకు చెందిన పాట్ హచిన్స్ 1968లో 'రోజీస్ వాక్' అనే బొమ్మల పుస్తకం తెచ్చారు. పుస్తకం మొత్తం ఒకటే వాక్యం, ఇంగ్లీషులో 32 మాటలు. రోజీ అనే కోడిపెట్ట షికారు బయలుదేరి, వాకిలి దాటి, చెరువు చుట్టి, గడ్డివాము ఎక్కి దిగి, పిండిమర పక్కగా, కంచె సందులోంచి, తేనెపెట్టెల కిందుగా నడిచి భోజనం వేళకు ఇల్లు చేరుతుంది. మాటల్లో ఇంతే.

బొమ్మల్లో మాత్రం మొదటి నుంచీ వెనకాలే ఒక నక్క! దూకిన ప్రతిసారీ దానికే దెబ్బ. ఇనుప పళ్ల కర్ర లేచి ముఖాన కొడుతుంది, చెరువులో పడుతుంది, నెత్తిన పిండి కుమ్మరించుకుంటుంది, చివరకు తేనెటీగలు తరుముతాయి. అయినా 'నక్క' అనే మాట పుస్తకంలో ఎక్కడా లేదు. మన చందమామలో కథ చెప్పిందే బొమ్మ చూపేది (ఆ బొమ్మల కోసమే కొట్టుకునేవాళ్లం, అది వేరే సంగతి). ఇక్కడ మాట ఒకటి, బొమ్మ ఇంకొకటి. రెండూ కలిపి కథ అల్లుకోవలసింది చదివేవాడే.

రోజీకి నక్క సంగతి తెలుసా? మా మూడో తరగతిలో అడిగాను. "తెలియదు సార్" అన్నారందరూ. అక్షరాలు కూడబలుక్కోలేక ఎప్పుడూ వెనక కూర్చునే ఒక పాప మాత్రం లేచి "తెలుసు సార్. ఎనక్కి చూస్తే బయపడ్డదని నక్కకు తెలిసిపోతది" అంది. నీకెలా తెలుసమ్మా అంటే, "బడికొచ్చే తొవ్వల కుక్క ఉంటది సార్. నేనూ అట్లనే వస్త."

ఊరికే అంటే ఒప్పుకోను, బొమ్మలో చూపించాలన్నాను. పిండిమర పేజీ తీసింది. పిండి బస్తా తాడు రోజీ కాలికే చుట్టుకుని ఉంది! కావాలనే లాగిందని ఆ పాప, తగులుకుందని మిగతావాళ్లు. గంట కొట్టినా వాదన తెగలేదు. నేనూ తీర్పు చెప్పలేదు, చెబితే మళ్లీ గైడే అవుతాను.

మర్నాడు ఆ పాపే వచ్చి "నక్కను ఇంగ్లీషుల ఎట్ల రాస్తరు సార్?" అని అడిగింది. పలక మీద రాసిచ్చాను. పుస్తకంలో ఆ మాట లేదని చెప్పినా నమ్మలేదు. పలక పక్కన పెట్టుకుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుంటూ పేజీ పేజీ వెతికింది.