దురదకు సిగ్గెందుకు చెల్లీ?

చెల్లీ, ఆ తలుపు కాస్త దగ్గరికి వేసి ఇలా కూర్చో. కింద దురదగా ఉందంటే పెద్దవాళ్లు ఏమంటారో నీకూ తెలుసు: "వేడి చేసిందే, సబ్జా నీళ్లు తాగు." తాగు, ఎండాకాలంలో హాయిగానే ఉంటుంది. కానీ ఆ దురదకీ వేడికీ సంబంధం లేదు. కాండిడా అనే ఈస్టు అతిగా పెరిగితే వచ్చే బాధ అది. మనలో చాలామంది ఒంట్లో ఆ ఈస్టు ఎప్పుడూ కొంచెం ఉండేదే. ల్యాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియా దాన్ని అదుపులో పెడుతుంది. జ్వరానికో, పంటి నొప్పికో యాంటీబయాటిక్ వాడావనుకో, ఆ మంచిదీ చచ్చిపోతుంది, ఇక ఈస్టుకి అడ్డుండదు. కడుపుతో ఉన్నప్పుడూ, షుగర్ అదుపు తప్పినప్పుడూ ఇదే గొడవ. నలుగురు ఆడవాళ్లలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వచ్చేదే. ఒళ్లు శుభ్రంగా ఉంచుకోకపోతేనే వస్తుందని నిందలేసే వాళ్ల మాట పట్టించుకోకు.

అయితే దురదలన్నీ ఈస్టువే కావు. తెల్లబట్ట విరిగిన పాలలా అయి, వాసన పెద్దగా లేకుండా దురదా మంటా ఉంటే ఇదే అనుకోవచ్చు. చేపల వాసన వస్తున్నా, పచ్చగా నురగలా అవుతున్నా అది వేరే జబ్బు, దాని మందూ వేరు. మొదటిసారి వస్తే డాక్టరుకి చూపించమనేది అందుకే.

చూపించుకోం కదా! మెడికల్ షాపుకి వెళ్లి, పక్కన మగవాళ్లు లేనప్పుడు గొంతు తగ్గించి "దురదకి ఏదైనా క్రీమ్" అంటాం. అతను ఇచ్చే ట్యూబు మీద క్లోబెటసాల్, బెటామెథసోన్ లాంటి పేర్లున్నాయేమో చదువు. అవి స్టెరాయిడ్లు. రాయగానే దురద చల్లారుతుంది, ఈస్టు అనే ఆ ఫంగస్ మాత్రం అలాగే ఉంటుంది, పైగా చర్మం పల్చబడుతుంది. తామర మందులకి లొంగకుండా మొండికేయడానికి స్టెరాయిడ్ కలిపిన ఈ కలగూరగంప ట్యూబులూ ఒక కారణమని చర్మం డాక్టర్లు మొత్తుకుంటూనే ఉన్నారు. చీటీ లేకుండా వీటిని అమ్మడం నా దృష్టిలో అన్యాయం.

అసలు వైద్యం చాలా చిన్నది. రాత్రి పడుకునే ముందు లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ మాత్ర, లేదంటే నోటితో వేసుకునే ఫ్లూకొనజోల్ 150 మిల్లీగ్రాములది ఒక్కటి. కడుపుతో ఉన్నవాళ్లకి నోటి మాత్ర వద్దు, లోపల పెట్టుకునే మందే, అదీ డాక్టరు చెబితేనే. రెండో రోజుకే హాయిగా ఉందని మిగతా మందు అల్మారాలో పడేయకు. ఒక మాట, ఈ క్రీములూ లోపలి మాత్రలూ కండోమ్ రబ్బరుని బలహీనం చేయొచ్చు. డబ్బులకి వెనకాడాల్సిన పనీ లేదు, ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో ఈ మందులు ఉచితంగా ఇస్తారు.

మళ్లీ రాకుండా అంటావా? డెట్టాల్ నీళ్లతో కడగడం, సెంటు వాసనల వాష్‌లు మానెయ్. లోపల దానంతటదే శుభ్రపడుతుంది, బయటికి మామూలు నీళ్లు చాలు. పెరుగు తినడానికే, పూయడానికి కాదు. వెల్లుల్లి రెబ్బ చిట్కా జోలికి అసలు పోవద్దు, మంటపుడుతుంది. ముసురు రోజుల్లో ఆరీ ఆరని లోదుస్తులు వేసుకోకు. ఇంట్లో మగవాళ్ల బనియన్లు దండెం మీద ఎండలో ఊగుతుంటాయి, మనవి మాత్రం తువ్వాలు కింద దాక్కుని తడితడిగా ముక్కిపోతుంటాయి. ఎవరికోసం ఈ మర్యాద? ఎండలో వెయ్.

మీ అత్తయ్యకి షుగర్ కదా, ఆవిడకీ ఈ సంగతి చెప్పు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మాత్రలు ఒంట్లో చక్కెరని మూత్రంలోంచి బయటికి పంపుతాయి, ఈస్టుకి అది విందు. మాత్ర మొదలుపెట్టాక దురద వస్తే సొంతంగా ఆపేయకుండా డాక్టరుతో చెప్పమను. ఆ వయసు వాళ్లు ఇలాంటివి నోరు తెరిచి చెప్పరు, నువ్వే అడగాలి.

ఇక నీ సంగతి. ఏడాదిలో మూడుసార్లు వచ్చిందంటే ఇంకో ట్యూబు కొనకు. షుగర్ పరీక్ష చేయించుకుని, ఆ రిపోర్టు పట్టుకుని లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లు. ఒక్కదాన్నే వెళ్లలేనంటే చెప్పు, నేనొస్తాను.